సగంలో ఆగిన ముల్లు

జూన్ 4

మామయ్య గారికి,

మీ కోడలు రాసేది. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కిందటిసారి మీ అమ్మాయి, అదే మా వదిన, వాళ్ళింట్లో ఫోన్ తెచ్చి మీ చెవి దగ్గర పెడితే, నేను అరిచిన అరుపులకి మా పక్కింటి వాళ్ళంతా బయటికొచ్చారు గానీ మీకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. ముప్పై ఏళ్ళు ఇంజన్ పక్కన కూర్చున్న చెవులు మరి. అందుకే కాగితం పట్టుకున్నాను. కళ్ళు బాగానే ఉన్నాయిగా, చదువుకోండి.

ముందు మీ అబ్బాయి సంగతి. మొహం మీద, ఛాతీ మీద కాలిన చోట చర్మం పట్టింది. కుడి కన్ను పోయినట్టే. ఎడమ కంటికి వెలుగైనా తెలుస్తుందేమో అన్నారు డాక్టర్లు, తెలియడం లేదు. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటారు. చూడటానికి ఎవరైనా వస్తే మాట్లాడతారు. నాతో మాట్లాడరు. ఏడు నెలలైంది మామయ్యా. 'ఆ రోజు రేడియేటర్లో నీళ్ళు పొయ్యమని చెప్పాను, పొయ్యలేదు' అని వచ్చినవాళ్ళకి చెబుతారు, నేను ఆ గదిలోనే మంచినీళ్ళు అందిస్తూ ఉండగా.

ముసలాడిని ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ముసలాడంటే మీరు కాదు, ట్రాక్టర్. మార్చి నుంచి కిరాయికి దున్నుతున్నాను. నవ్వితే నవ్వండి, ఇది ఆగిపోతే మా ఇద్దరికీ పూట గడవదు. సాళ్ళు మొదట్లో పాములా వంకర్లు పోయేవి, ఇప్పుడు ఫరవాలేదు. అసలు బాధ అది కాదు. అరగంట దున్నానో లేదో బానెట్ సందుల్లోంచి ఆవిరి, ముక్కు పగిలే వాసన. బండి నీరసపడిపోతుంది. చిత్రం ఏమిటంటే, వేడి చూపించే ముల్లు మాత్రం సగంలోనే నిలబడి ఉంటుంది. ఏమీ జరగనట్టు.

ఆపేసి దూరంగా వెళ్ళి కూర్చుంటాను. మూత జోలికి చస్తే వెళ్ళను. పొలం వాళ్ళు 'మళ్ళీ చల్లారబెట్టుకుంటోంది' అని నవ్వుతున్నారు. ఇద్దరు ఇంకో బండి మాట్లాడుకున్నారు.

ఏం చూడాలో, ఏది ముందు ఏది వెనకో రాయండి. ఇక్కడి మెకానిక్ నా మొహం చూసి మాట్లాడడు, బండిని చూసి మాట్లాడతాడు.

మీ కోడలు


జూన్ 11

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చింది. చదివి వినిపిస్తానంది మీ వదిన. వినపడి చస్తేగా! నేనే చదువుకున్నాను. ముసలాడి మీద నువ్వు కూర్చోవడం తలుచుకుంటే నవ్వు రాలేదమ్మా. ఇంకేదో వచ్చింది. పోనీలే.

చెప్పేది జాగ్రత్తగా విను. ఇంజన్ ఆపాక గంట దాటాకే దేన్నయినా ముట్టుకో. ముందు రేడియేటర్ మొహం చూడు. పొట్టు, గడ్డి గింజలు రెక్కల్లో దూరి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్ళు కొట్టు, ముందు నుంచి కొట్టావంటే చెత్త ఇంకా లోపలికి పోతుంది. తర్వాత ఫ్యాన్ బెల్ట్. మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, ఇంకా దిగితే వదులన్నమాట. మూత లోపల రబ్బరు పగిలిందేమో చూడు, పగిలితే నీళ్ళు ఉండాల్సిన దానికంటే ముందే మరుగుతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. పది నిమిషాలు బండి నడిపి ఆపు. ఫ్యాన్ తిరగడం పూర్తిగా ఆగాక రేడియేటర్ మొహం మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందకి, ఆ పక్క నుంచి ఈ పక్కకి తీసుకురా. పైన వేడి, కిందకి వచ్చేకొద్దీ తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా చల్లగా తగిలిందంటే అక్కడ లోపలి గొట్టాలు మూసుకుపోయాయని లెక్క. మన బోరు నీళ్ళు మంచివి కావు, సున్నం కడతాయి.

ముల్లు సంగతి వదిలెయ్. ముల్లు చూసి నడిపేవాడు డ్రైవరే కాడు. వాసన పట్టు, బండి గొంతు విను.

వాడు మాట్లాడతాడులే. టైం పడుతుంది. నన్ను రమ్మని రాయకు, నా మోకాళ్ళు బస్సు మెట్లు ఎక్కే స్థితిలో లేవు.

మామయ్య


జూన్ 19

మామయ్య గారికి,

మీరు చెప్పినవన్నీ చేశాను. రేడియేటర్ రెక్కల్లోంచి తట్టెడు పొట్టు వచ్చింది, ఒక పక్షి కాపురం పెట్టుకోవచ్చు. బెల్ట్ వదులుగా ఉంది, బిగించాను. వేళ్ళు చెక్కుకుపోయాయి, అది వేరే సంగతి. మూత రబ్బరు పగిలితే కొత్త మూత వేయించాను. మెకానిక్ 'ఎవరు చెప్పారు మీకు' అన్నాడు. మా మామగారు అన్నాను. 'అదీ, అనుకున్నా' అన్నాడు. మీ పేరు చెబితే ఇప్పటికీ మర్యాదే ఇక్కడ.

చెయ్యి పెట్టి కూడా చూశాను. అంతటా ఒకేలా ఉంది.

అరగంటకి కాగేది ఇప్పుడు గంటకి కాగుతోంది. అంతే తేడా.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ముల్లు సంగతి వదిలెయ్ అన్నారు. ఆడదానికి ముల్లెందుకు, పొయ్యి మీద పాలు చూసుకోక అనేగా? మీ అబ్బాయికి బండి ఇచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. 'నా చెవులు పోయాయిరా, నాలా బండి గొంతు వింటూ నడపడం నీకు నేర్పలేను, నువ్వు ముల్లు చూసుకో' అని మీరే చెప్పారు. ఆయనకి పనికొచ్చిన ముల్లు నాకెందుకు పనికిరాదు?

ఇంకొకటి. ఆసుపత్రి వరండాలో ఆయన మొహం నిండా కట్లతో, 'ముల్లు సగంలోనే ఉంది నాన్నా, అందుకే మూత తీశాను' అని మీ చెవిలో అరిచి ఏడుస్తుంటే మీరు ఏమన్నారు? 'నీళ్ళు తక్కువైతే ముల్లు లేవదురా' అన్నారు. ఆ మాటతోనే ఆయన నావైపు నుంచి తల తిప్పేసుకున్నారు. సరే, నిజమే కావచ్చు. మెకానిక్ కూడా నిజమే అన్నాడు. కానీ ఇప్పుడు రేడియేటర్ నిండా నీళ్ళున్నాయి. పొద్దున్నే నేనే అంచుదాకా పోసి, రెండుసార్లు చూసుకుని బయల్దేరుతున్నాను. మరి ఇప్పుడు ముల్లెందుకు లేవడం లేదు?

తెలిస్తే చెప్పండి. నాకు నిజంగా అర్థం కాక అడుగుతున్నాను.

మీ కోడలు


జూన్ 26

అమ్మాయ్,

ముక్కు మీదే ఉంది నీ కోపం. ఆడదీ మగాడూ అని నేనెక్కడ అన్నాను? పాత బళ్ళలో ముళ్ళు అంతే, తుప్పు పట్టి ఒక చోట ఆగిపోతాయి. దాన్ని పట్టుకుని వేలాడకు.

చేతికి చల్లగా ఎక్కడా తగల్లేదంటే రేడియేటర్ బాగున్నట్టే. నేను మొదట దాన్నే అనుమానించాను. ఇక మిగిలినవి చూడు. పైగొట్టం మొదట్లో ఒక చిన్న డబ్బా ఉంటుంది, అందులో థర్మోస్టాట్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్ళని ఆపి, వేడెక్కాక వదిలే తలుపు అది. ఊడదీసి, పాలు కాచే గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టు. నీళ్ళు మరగకముందే నోరు తెరవాలి. తెరవకపోతే అదే దొంగ. చల్లని ఇంజన్ మీద మూత తీసి బండి స్టార్ట్ చేస్తే నీళ్ళలో బుడగలు అదేపనిగా వస్తున్నాయేమో చూడు. ఆయిల్ పుల్ల తీసి చూడు, పాలు కలిసినట్టు ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ తల కింద నీళ్ళూ ఆయిలూ కలవకుండా అడ్డుండే రేకు, పోయింది. అప్పుడు హెడ్ దించాల్సిందే, వేరే దారి లేదు. అందాకా బండి ఆపెయ్.

ఆ రోజు సంగతి ఎందుకు తవ్వుతావమ్మా? తవ్వితే ఏమొస్తుంది? నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను. ఇంట్లో వంద పనులుంటాయి, ఒకటి మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. వాడు కూడా ఒకనాటికి క్షమిస్తాడు. నువ్వు ఓర్చుకో.

ఇక్కడ మీ వదిన నన్ను బాగానే చూసుకుంటోంది. రాత్రుళ్ళు నిద్ర పట్టదు, అంతే.

మామయ్య


జూలై 3

మామయ్య గారికి,

నన్ను క్షమించారా! ఏం చేశానని?

కాగితం నలిపి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. పొయ్యి మీద మీ థర్మోస్టాట్ ఉడుకుతోంది కాబట్టి ఆగాను.

అందరూ ఆ రోజు గురించి చెప్పారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ పొద్దున నీళ్ళు పోశాను. రెండు బకెట్లు పట్టుకెళ్ళాను. మొదటిది మొత్తం పట్టింది, రెండోది సగం పోసేసరికి అంచుకి వచ్చింది. మిగిలిన సగం గేటు పక్క మొక్కలకి పోశాను. బకెట్లు బోర్లించి వచ్చాను. మధ్యాహ్నం ఆయనకి భోజనం పట్టుకెళ్ళేసరికి బండి ఆవిరి కక్కుతోంది. 'ఏమైంది' అన్నాను. ఆయన దిగి ముల్లు చూసి, 'భయం లేదు, సగంలోనే ఉంది, మూత దగ్గర ఎక్కడో లీకై ఉంటుంది' అన్నారు. చేతికి గుడ్డ చుట్టుకుని మూత తిప్పారు. తర్వాత ఆ అరుపు. అది మీకు వినపడలేదు, మీరు అదృష్టవంతులు. నాకు రోజూ వినపడుతుంది.

సాయంత్రం మెకానిక్ వచ్చి రేడియేటర్లో చుక్క లేదన్నాడు. ఎలా ఉంటుంది? అంతా ఆయన మొహం మీదే ఉందిగా!

థర్మోస్టాట్ తెరుచుకుంది. నీళ్ళలో బుడగలు మొదలవకముందే చక్కగా నోరు తెరిచింది. 'తెరుచుకుంది' అని గట్టిగా అన్నాను, ఆయన గదిలోకి వినపడేలా. తల తిప్పలేదు గానీ వింటున్నారని తెలుస్తూనే ఉంది. రేడియేటర్లో బుడగలు రావడం లేదు. ఆయిల్ నల్లగానే ఉంది. హెడ్ బాగానే ఉంది.

ఎల్లుండి పని లేదు. ముల్లు వెనక నుంచి సన్నటి రాగి గొట్టం ఒకటి ఇంజన్లోకి పోతోంది. దాన్ని వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్ళి చూస్తాను. తుప్పో, ఇంకేమిటో తేలుతుంది.

మీ కోడలు


జూలై 5

మామయ్య గారికి,

చూశాను.

ఆ గొట్టం చివర వేలి కణుపంత బుడిపె ఉంది. అది ఇంజన్ హెడ్‌లో, నీళ్ళలో మునిగి ఉండాలట. ఉండాల్సిన రంధ్రంలో బోల్టు బిగించి ఉంది. బుడిపెని గుడ్డలో చుట్టి, తీగతో ఇంజన్ పక్కకి కట్టేశారు ఎవరో. బయట నుంచి ఎంత వేడి తగులుతుందో అంతే దానికి తెలుస్తుంది. లోపల నీళ్ళు మరిగినా, లోపల నీళ్ళే లేకపోయినా ముల్లు సగం దాటదు.

గుడ్డ మీద నూనె గడ్డకట్టి ఉంది. గోరుతో గీకితే నీలం గళ్ళు కనపడ్డాయి. అది మీ చొక్కా. దానికి భుజం దగ్గర కుట్టు వేసింది నేనే. మా పెళ్ళయిన కొత్తలో.

ఒక్కటి చెప్పండి చాలు. ఇది మీ అబ్బాయికి తెలుసా, తెలియదా?

మీ కోడలు


జూలై 7

అమ్మాయ్,

మూడో తారీఖు ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే రాస్తున్నాను. ఆ రాగి గొట్టం ముట్టుకోకు. లోపల వేడికి ఉబ్బే మందు ఉంటుంది, వంగితే పోతుంది, ఈ కాలంలో దొరకదు. దాని సంగతి నేను చూస్తాను. నేనే వస్తాను. మోకాళ్ళు ఇప్పుడు కాస్త నయం. మీ వదినతో బస్సు టైము కనుక్కోమన్నాను. నేను వచ్చేదాకా బానెట్ ఎత్తొద్దు. పెద్దవాడిని చెబుతున్నాను, ఈ ఒక్కసారి నా మాట విను.

మామయ్య


జూలై 12

అమ్మాయ్,

నా ఉత్తరం పోస్టులో వేసిన రెండో రోజు నీ అయిదో తారీఖు కాగితం వచ్చింది. బస్సు ఎక్కలేదు. సంచి సర్దుకున్నాను, మళ్ళీ విప్పేశాను.

వాడికి తెలియదు. ఇది వాడికి చదివి వినిపించు. ఒక్క అక్షరం కూడా వదలకు.

ఒరేయ్ నాన్నా, ఆ బుడిపె కట్టింది నేను. నీ పెళ్ళయిన రెండో ఏడు. అప్పటికే బండి కాగడం మొదలైంది. పొలం వాళ్ళు పక్కన నిలబడి ముల్లు చూసేవాళ్ళు. కాస్త లేస్తే చాలు, 'ఆపు, ఆపు, నీ బండి అయిపోయింది' అని మడి మధ్యలో దించేసి ఇంకోడిని పిలిచేవాళ్ళు. నాకు ముల్లు అక్కర్లేదు. బానెట్ మీద చెయ్యి వేస్తే తెలిసిపోయేది, వాసనకి తెలిసేది. వాళ్ళ నోళ్ళు మూయించడానికి కట్టాను. తర్వాత అందరూ 'నీ బండి ఎప్పుడూ కాగదేమయ్యా' అంటుంటే ఛాతీ విరుచుకుని తిరిగాను. పదిహేడేళ్ళు తిరిగాను. ఆ మాట ఎంత రుచిగా ఉంటుందో నీకు తెలియదు.

బండి నీకిచ్చిన రోజు చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ నువ్వు నలుగురి ముందు, నాకూ వినపడేలా, 'మా నాన్న బండి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కాగలేదు' అన్నావు. ముల్లు చూసుకో అన్నాను. చెవిటివాడిని, ఇంకేం చెప్పను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రేపు విప్పి సరిగ్గా పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకున్నాను.

ఆసుపత్రిలో నువ్వు ముల్లు సగంలోనే ఉందన్నప్పుడు నేను కట్టిన ఆ బుడిపె గుర్తొచ్చింది. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. నీళ్ళు తక్కువైతే ముల్లు లేవదు. అది అబద్ధం కాదురా. ఏ మెకానిక్‌ని అడిగినా నిజమే అంటాడు. అబద్ధమైతే ఎవడో ఒకడు పట్టుకునేవాడు. నిజం కాబట్టే అది వెళ్ళి నీ భార్య మీద పడింది. పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. మోకాళ్ళ నొప్పులని ఇక్కడికి వచ్చి కూర్చున్నాను. నా మోకాళ్ళకి ఏమీ కాలేదు.

నీ భార్య నీళ్ళు పోసింది.

అమ్మాయ్, నిన్ను క్షమించానని రాశాను. ఆ కాగితం చించెయ్. నేను రావచ్చో లేదో మీరిద్దరూ చెప్పండి. ఏం చెప్పినా వింటాను.

మామయ్య


జూలై 30

మామయ్య గారికి,

చదివాను. అందుకు నాలుగు రోజులు పట్టింది. చదవకుండా దాచేద్దామా అని కూడా అనుకున్నాను, అబద్ధం చెప్పను. ఆయనకి కళ్ళు పోయాయి, ఉన్న తండ్రి కూడా పోవాలా అనిపించింది. మళ్ళీ నాకూ ఒక బతుకుంది కదా అనిపించింది. ఐదో రోజు పొద్దున తలుపులు తీసి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాను.

గోడవైపు తిరిగే విన్నారు. 'నీళ్ళు తక్కువైతే' అన్న చోటు మళ్ళీ చదవమన్నారు. చదివాను. మళ్ళీ అన్నారు. మూడుసార్లు చదివించారు. నేను లేచి పనిలో పడ్డాను. భోజనం పెట్టడానికి వెళితే, 'ఎన్ని బకెట్లు' అన్నారు.

ఎనిమిది నెలలు దాటి తొమ్మిదోది నడుస్తోంది మామయ్యా. మొదటి మాట అది.

ఒకటిన్నర అన్నాను. మిగిలింది ఏం చేశావన్నారు. గేటు పక్క మొక్కలకి పోశానన్నాను. ఆయన కళ్ళకి నీళ్ళు కూడా సరిగ్గా రావు, ఆ చర్మం బిగుసుకుపోయింది. నోరు తెరుచుకుని ఏడ్చారు. పళ్ళెం కింద పెట్టి నేనూ ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో నాకు తెలియదు.

నేనూ ఒక అబద్ధం రాశాను మీకు. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశానన్నాను. పెట్టలేదు. వేడిగా ఉన్నప్పుడు దాని దగ్గరికి వెళ్ళడం నా వల్ల కాదు. పొట్టు కడిగింది కూడా చల్లారిన మర్నాడు, దూరం నుంచి. ఆ సంగతి ఆయనకి చెప్పాను. 'నన్ను తీసుకెళ్ళు' అన్నారు. పట్టుకుని తీసుకెళ్ళాను. పది నిమిషాలు నడిపి ఆపాను. ఫ్యాన్ ఆగిందని చెప్పాక అరచెయ్యి ఆనించారు, మీరు రాసినట్టే, పైనుంచి కిందకి. కుడి పక్క సగం నుంచి కిందకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. 'ఇక్కడ చల్లగా ఉంది' అన్నారు. అటూ ఇటూ జరిపి, హద్దు గీసినట్టు వేలితో చూపించారు. రేడియేటర్లు బాగుచేసే అతను విప్పితే సరిగ్గా అంతమేరే లోపల తెల్లగా రాయి కట్టి ఉంది. మీరు మొదటి ఉత్తరంలోనే చెప్పారు. నేను చెయ్యి పెట్టి ఉంటే జూన్‌లోనే తేలిపోయేది. ముల్లు మాత్రం అలాగే ఉండిపోయేది.

ఇప్పుడు బోరు నీళ్ళు పొయ్యడం లేదు. వాన నీళ్ళు పట్టి, కూలెంట్ కలిపి పోస్తున్నాం. బోల్టు తీసి బుడిపెని దాని చోట పెట్టించాం. ముల్లు కదులుతోంది. నిన్న గట్టి నేల దున్నుతుంటే ఎర్రగీత దగ్గరికి వచ్చింది, ఆపేశాను. పొలం ఆయన 'అయిపోయిందా మీ బండి' అన్నాడు. 'ఆ, కాగింది, కాసేపు ఆగాలి' అన్నాను. ఆయన గొణుక్కుంటూ గట్టు మీద కూర్చున్నాడు. అంతకంటే ఏమీ కాలేదు. పదిహేడేళ్ళు మీరు చెప్పలేకపోయిన మాట ఇంతే మామయ్యా.

మీరు రావచ్చా అని ఆయన్ని అడిగాను. గోడవైపు తిరిగారు. ఇంకోసారి అడగలేదు. నా సంగతంటారా, మీరు రాసిన 'క్షమించాను' కాగితం నేను చించలేదు. చించేస్తే ఆ మాట మీరు అననట్టే అవుతుంది.

ఆ గుడ్డ ఆయన చేతిలో పెట్టాను. ఏమిటో చెప్పలేదు. వేళ్ళతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, 'నాన్న చొక్కా' అన్నారు. చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత నాకు ఇచ్చేసి, 'ఉతికి పంపించెయ్' అన్నారు.

సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాను. నూనె మరక పోలేదు. ఇందులోనే మడతపెట్టి పంపుతున్నాను.

మీ కోడలు